కొండకు అటు ఫ్రాంకులు, ఇటు యూరోలు

ఆల్ప్స్ అంటే మనకు స్విట్జర్లాండే. సినిమా పాటలు అలా అలవాటు చేశాయి. పల్చటి చీర కట్టుకున్న హీరోయిన్ వెనకాల కనిపించే మంచుకొండలన్నీ ఆ ఒక్క దేశం సొత్తే అనుకుంటూ పెరిగాం. మ్యాపు ముందేసుకు కూర్చుంటే గాని తెలియలేదు, మధ్యధరా తీరం దగ్గర మొదలై సుమారు 1,200 కిలోమీటర్లు వంపు తిరుగుతూ స్లొవేనియా దాకా సాగే ఆ కొండల్ని ఎనిమిది దేశాలు పంచుకున్నాయని. మంచు అందరిదీ ఒక్కటే. దాని మీద జారడానికి వసూలు చేసే డబ్బు మాత్రం లోయ లోయకీ మారిపోతుంది.

మా తమ్ముడు జెనీవాలో ఉంటాడు. చలికాలం వచ్చిందంటే శనివారాలు ఇంట్లో నిలవడు, కారు మీద స్కీలు కట్టుకుని కొండెక్కేస్తాడు. "జెర్మాట్‌లో స్కీ చేస్తాం గాని అన్నానికి ఇటలీలోకి దిగుతాం అక్కా, అక్కడ చవక" అని ఒకసారి ఫోన్లో ఏదో మాటల మధ్య అనేశాడు. మధ్యాహ్నం భోజనానికి దేశం దాటడమేమిటని ఆ మాట నన్ను పట్టుకుంది. 2025 జనవరిలో వాళ్లింటికి వెళ్లినప్పుడు, ఈ కొండల వరస పట్టుకుని తూర్పుకు పోదామని నేనే పట్టుబట్టాను. ఏ ఊరెళ్లినా ముందు కూరగాయల ధర అడిగే మనిషిని నేను. ఈసారి ఒక చిన్న పుస్తకంలో ఊరికి నాలుగు ధరలు రాసుకున్నాను: ఒక కాఫీ, ఒక పళ్లెం వేడి భోజనం, లిఫ్టులెక్కడానికి ఒకరోజు పాసు, ఒక రాత్రి పడక. అప్పట్లో యూరో 90 రూపాయలకు అటూ ఇటూగా ఉంది. ఫ్రాంకు ఇంకో నాలుగైదు రూపాయలెక్కువ.

మొదట ఫ్రాన్సు వైపున్న షామొనీ. జెనీవా నుంచి కారులో గంట, గంటంపావు. ఇరుకు లోయ. తలెత్తితే 4,800 మీటర్లు దాటిన మోంట్ బ్లాంక్. ఇళ్ల కప్పుల మీదికి వాలినట్టుగా బొసోన్ హిమానీనదం, నీలం చారలతో, పగుళ్లతో. మొట్టమొదటి శీతాకాల ఒలింపిక్స్ 1924లో జరిగింది ఈ ఊళ్లోనే. 1955లో కట్టిన రోప్‌వే మనిషిని ఊళ్లోంచి ఎత్తి 3,842 మీటర్ల ఎత్తున ఎగ్వీ దు మిదీ అనే రాతి సూది మీద దించుతుంది. అక్కడ నాలుగు మెట్లెక్కేసరికి గుండె చెవుల్లో కొట్టుకుంది.

పైనుంచి తమ్ముడు వేలెత్తి చూపించాడు, విమానం కూలింది ఆ వైపేనని. 1966 జనవరి 24న ఎయిరిండియా వారి కాంచనజంగ ఈ కొండకే గుద్దుకుంది. 117 మంది పోయారు, అందులో హోమీ భాభా ఒకరు. అంతకు ముందు 1950 నవంబరులో మలబార్ ప్రిన్సెస్ కూడా ఇక్కడే కూలింది. హిమానీనదం కిందికి జారేకొద్దీ, కరిగేకొద్దీ ఆ విమానాల వస్తువులు ఇప్పటికీ బయటపడుతూనే ఉన్నాయి. ఇందిరాగాంధీ ప్రధాని అవుతున్నారని వార్త మోసుకొచ్చిన 1966 నాటి మన దినపత్రికలు 2020లో దొరికాయి. ఆ పూట పుస్తకం తీయలేదు, ఏ ధరా రాయలేదు.

మర్నాడు లోయలో కాస్త కిందున్న చిన్న స్కీ ఊరికి వెళ్లాం. మరదలు రాత్రే పులిహోర కలిపి డబ్బాలో పెట్టింది. రెస్టారెంటు పక్కన డబ్బా విప్పితే ఎవరేమంటారోనని నా బెంగ. ఫ్రాన్సులో దీనికి దారి ఉంది. చాలా స్కీ ఊళ్లలో లిఫ్టు దగ్గర ఒక గది ఉంటుంది. ఇంటి నుంచి తెచ్చుకున్నది తినే వాళ్లకోసమే. బల్లలు, బెంచీలు, వేడిగా ఒక హీటరు, ఒక కుళాయి. కూర్చున్నందుకు పైసా అడగరు. మా ఎదుటి బెంచీలో ఒక కుటుంబం: తాత, కొడుకూ కోడలూ, ఇద్దరు పిల్లలు. తాత జేబులోంచి చెక్కపిడి కత్తి తీశాడు. ఈ సవోయ్ ప్రాంతంలోనే పుట్టిన ఒపినెల్ కత్తి. పొడుగాటి రొట్టెను గుండెకు ఆనించుకుని తనవైపుకే కోసుకుంటున్నాడు, చూస్తుంటే నాకు భయమేసింది. తర్వాత చీజు ముద్దను పల్చగా చెక్కి, మొదటి ముక్క మనవరాలికీ రెండోది కత్తి మొన మీదే నాకూ అందించాడు. ఊరికే తీసుకోవడం బాగోదని పులిహోర పెట్టాం. పెద్దవాళ్లు రుచి చూసి తలాడించారు. ఆ పిల్ల మాత్రం మెతుకుల్లోంచి వేరుశనగ గింజలొక్కటే ఏరుకుని తిని, ఎండుమిరపకాయను పట్టుకుని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, మర్యాదగా డబ్బా మూత మీద పెట్టింది.

ఫ్రాన్సులో స్కీ సెలవు చవకా ఖరీదా అంటే ఆ గదిలో కూర్చుంటే చవకే. హోటళ్లలోనూ కూజాడు నీళ్లకు డబ్బు తీసుకోకూడదని అక్కడ నియమం. 1960ల్లో, 70ల్లో ప్రభుత్వమే పూనుకుని కొండల మీద, చెట్లు కూడా పెరగని ఎత్తున, స్కీ ఊళ్లను కొత్తగా కట్టించింది. అందం సంగతి దేవుడెరుగు. పెద్ద పెద్ద అపార్టుమెంట్లు, వాటిలో నలుగురు పడుకునే ఇరుకు గదులు, మూలన రెండు పొయ్యిలు. కింద సూపర్‌మార్కెట్లో సరుకులు కొనుక్కుని వండుకు తింటే మధ్యతరగతి ఇల్లు వారం గడుపుకు రాగలదు. కాకపోతే ఫిబ్రవరిలో వెళ్లకూడదు. అక్కడ బడులకు చలికాలం సెలవులు దేశమంతటా ఒకేసారి ఇవ్వరు. దేశాన్ని మూడు మండలాలుగా విడగొట్టి వంతులవారీగా ఇస్తారు, కొండల మీద జనం ఒక్కసారే పడకుండా. దాంతో నెల పొడుగునా ఏదో ఒక మండలం పిల్లలు సెలవుల్లో ఉంటారు, నెల పొడుగునా అద్దెలు మండుతూనే ఉంటాయి. ఇదే సవోయ్‌లో కూర్షవెల్ అనే ఊరుంది. అక్కడ కోటీశ్వరులు దిగుతారు. కాబట్టి ఫలానా దేశం చవక అనే మాట సగమే నిజం. దేశం కంటే ఊరు ముఖ్యం, ఊరి కంటే వారం ముఖ్యం.

జెర్మాట్‌కు కారు వెళ్లదు. ఒక ఊరు కింద టేష్‌లో ఆపేసి రైలెక్కాలి. పెట్రోలు బండ్లు లేని వీధిలో ముందు చెవికి తెలుస్తుంది తేడా. బూట్ల కింద మంచు నలిగే చప్పుడు, చిన్న కరెంటు బండ్ల మూలుగు, అంతే. వీధి మలుపు తిరిగేసరికి మాటర్‌హార్న్ మొత్తం ఒక్కసారిగా ఎదురొచ్చింది. 4,478 మీటర్లు. పక్కన తోడుకొండ లేదు, చాటు లేదు. 1865లో మొదటిసారి ఎక్కిన ఏడుగురిలో నలుగురు దిగేటప్పుడు పడి చనిపోయారని తెలిసి చూస్తే ఆ నిలువు గోడ ఇంకోలా కనిపిస్తుంది.

పుస్తకం తీశాను. కాఫీ 5 ఫ్రాంకుల పైనే. రోష్టి అని బంగాళాదుంప తురుము అట్టులా కాల్చి పైన గుడ్డు వేసి ఇస్తారు, అది 25 ఫ్రాంకులు. అంటే 2,400 రూపాయలు, బంగాళాదుంపకి! నీళ్లకు వేరే. పాసు 90 ఫ్రాంకులు దాటింది. విమానం టికెట్టులా రోజు రోజుకీ మారుతుంది దాని ధర. ముందే కొన్నవాడికి ఒక రేటు, ఎండ కాసిన ఆదివారం పొద్దున కొన్నవాడికి ఇంకో రేటు. విడిగా ఒక్కరికే రోజంతా స్కీ నేర్పించే మాస్టారు కావాలంటే 400 ఫ్రాంకుల పైమాటే. నేను మూలుగుతుంటే తమ్ముడికి విసుగొచ్చింది.

"అక్కా, రూపాయల్లోకి మార్చడం ఆపు. ఇక్కడి జీతం తీసుకుంటే ఇక్కడి ధర ధరలా అనిపించదు."

"జీతం నీకొస్తోందిరా, నాకు కాదుగా."

మాకు వడ్డించిన అమ్మాయి స్విస్ కాదు, పోర్చుగల్ మనిషి. జెర్మాట్‌లో పనిచేసేవాళ్లలో పోర్చుగీసువాళ్లు చాలామందే. ఖాళీ దొరికినప్పుడు బల్ల చివర చెయ్యి ఆనించి మాట్లాడింది. పదేళ్లుగా ఇక్కడే, భర్త లిఫ్టుల దగ్గర పనిచేస్తాడు, ఊళ్లో ఇల్లు కడుతున్నారు. ఫోన్లో ఇంటి ఫొటో చూపించింది. రెండంతస్తులు, ఇంకా సున్నం పడలేదు, కిటికీలకు రెక్కల్లేవు. మా కోనసీమ పల్లెల్లో కువైట్‌లో పనిచేసే ఇల్లాలి డబ్బుతో లేచి, ఆమె ఎప్పుడొస్తుందా అని తాళం వేసుకుని ఎదురుచూసే ఇళ్లు సరిగ్గా ఇలాగే ఉంటాయి. స్విట్జర్లాండ్‌లో హోటల్ పనివాళ్లకు, ఏ శిక్షణా లేనివాళ్లకు కూడా, ఒప్పందం ప్రకారం నెలకు సుమారు 3,700 ఫ్రాంకులు ఇవ్వాలి. సరిహద్దు దాటి ఫ్రాన్సులోకి వెళ్తే 2025లో కనీస వేతనం సుమారు 1,800 యూరోలు. ఇటలీలో అయితే చట్టం నిర్ణయించిన కనీస వేతనమే లేదు. నా రోష్టి ధరలో బంగాళాదుంప వాటా ఎంతో, ఆ అమ్మాయి ఇంటి కిటికీ వాటా ఎంతో అప్పుడు కొంచెం అర్థమైంది. ఆ తర్వాత మూలగడం తగ్గించాను. పూర్తిగా మానలేదు.

స్విస్ వాళ్లకూ ఈ ధరలు దెబ్బకొట్టాయి. 2011 నుంచి వాళ్ల కేంద్ర బ్యాంకు ఫ్రాంకు విలువ మరీ పెరగకుండా యూరోకు 1.20 దగ్గర ఆపి ఉంచింది. 2015 జనవరి 15న ఉన్నట్టుండి ఆ పట్టు వదిలేసింది. చలికాలం నడిమధ్య ఫ్రాంకు ఎగిరి కూర్చుంది. జర్మనీ నుంచి వచ్చేవాళ్లకు అదే గది, అదే లిఫ్టు రాత్రికి రాత్రి ప్రియమైపోయాయి. పక్క లోయలోని సాస్‌ఫే ఊరు 2016లో తెగించి, సీజన్ మొత్తానికి పాసు 222 ఫ్రాంకులకే ఇస్తామంది. జెర్మాట్‌లో రెండున్నర రోజుల పాసు ధర అది! వేల మంది ఎగబడి కొన్నారు. మరుసటి ఏడు పశ్చిమ స్విట్జర్లాండ్‌లోని చిన్న చిన్న స్కీ ఊళ్లు కలిసి మ్యాజిక్ పాస్ పెట్టాయి. తమ్ముడు జేబులో పెట్టుకు తిరిగేది అదే. స్విట్జర్లాండ్‌లో చవకగా స్కీ చేయడం స్విస్ వాళ్లకు తెలుసు. మనకే తెలియదు, మనం పోస్టుకార్డులో కనిపించే ఊళ్లకే వెళ్తాం కాబట్టి.

ఇక ఆ భోజనం సంగతి. 2023 జులైలో కొత్త రోప్‌వే పూర్తయ్యాక స్కీ రానివాళ్లు కూడా జెర్మాట్‌లో ఎక్కి 3,883 మీటర్ల క్లైన్ మాటర్‌హార్న్ మీదుగా ఇటలీలో దిగవచ్చు. యూరప్‌లో ఇంతకంటే ఎత్తున రోప్‌వే స్టేషను లేదు. నేనలా వెళ్లాను. తమ్ముడు పాసు చూపించి, స్కీల మీద, నాకంటే ముందే చేరాడు. సరిహద్దు దగ్గర టెస్టా గ్రీజియా అనే చోట ఒక ఇటాలియన్ సత్రం ఉంది. దాని తలుపు దగ్గర బండల మీద స్కీలు గుచ్చి ఉన్నాయి, వందల్లో. లోపల అరుపులు, నవ్వులు, తడి ఉన్ని వాసన. స్విట్జర్లాండ్‌లో పొద్దుటి నుంచీ ఎవరూ ఇంత గట్టిగా మాట్లాడగా వినలేదు. కౌంటరు దగ్గర నిలబడి తాగే కాఫీ 2 యూరోల లోపే. చిన్న కప్పు అడుగున రెండు గుక్కలు, నల్లగా, చిక్కగా, పైన పలచటి నురగ. నా వెనకాల వరసలో ఉన్నవాళ్లు జర్మన్‌లో మాట్లాడుకుంటున్నారు, అందరూ జెర్మాట్ వైపు నుంచి వచ్చినవాళ్లే. ఫొంటీనా చీజు కలిపి ఉడికించిన మొక్కజొన్న పొలెంటా ఒక పళ్లెం 14 యూరోలు. కొండకు అవతల తిన్న రోష్టిలో సగం డబ్బు. రుచి దీనిదే మెరుగు, ఆకలి వల్ల అంటున్న మాట కాదు. నేను రోప్‌వే టికెట్టుకు పెట్టిందాంట్లో అలాంటి కాఫీలు యాభై పైగా వచ్చేవనుకోండి. ఆ లెక్క తమ్ముడు పొలెంటా తింటూనే వేసి చెప్పాడు.

ఆ సత్రం ఏ దేశంలో ఉందన్న దాని మీద కూడా పేచీ నడిచింది. సరిహద్దును ఇక్కడ నీళ్లు ఎటు పారితే అటు అని గీశారు. మంచు గట్టు అంచే గీత. హిమానీనదం కరిగి ఆ అంచు జరిగింది, దానితో దేశమూ జరిగింది. ఇటలీ నేల మీద కట్టిన సత్రం చాలా భాగం స్విట్జర్లాండ్‌లోకి వచ్చినట్టయింది. రెండు దేశాలూ 2018 నుంచి కూర్చుని మాట్లాడుకుని 2021లో ఒక ఒప్పందానికి వచ్చాయి, స్విస్ ప్రభుత్వం 2024లో దానికి సరేనంది. మేం వెళ్లినప్పుడు మెనూ ఇటాలియన్‌లోనే, ధరలు యూరోల్లోనే ఉన్నాయి.

ఆస్ట్రియాకు రైల్లో వెళ్లాం, 1884లో తెరిచిన ఆర్ల్‌బెర్గ్ సొరంగం గుండా. బయటికి రాగానే సాంక్ట్ ఆంటన్. ఊరు ఖరీదైనదే. ఒకరోజు పాసు 80 యూరోలు దాటింది. ఇక్కడే నా పుస్తకంలో లెక్క ఒక కొలిక్కి వచ్చింది: పేరున్న చోట పాసు ధరలో దేశానికీ దేశానికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా పడకలో, పళ్లెంలో. మేం పక్కనే పెట్నాయ్ అనే పల్లెలో దిగాం, ఉచిత బస్సులో పావుగంట దూరం. ఆ ఇంటావిడ అత్తగారు కట్టించిన ఇల్లు, పై అంతస్తు గదులు అద్దెకిస్తారు. పొద్దున టిఫినూ రాత్రి భోజనమూ కలిపి తలకు 100 యూరోల లోపే. జెర్మాట్‌లో ఒట్టి గదే ఇద్దరికి 250 ఫ్రాంకులకు తక్కువ దొరకలేదు. ఇంటావిడే వండుతుంది, కొడుకు వడ్డిస్తాడు, కోడలు లెక్క చూస్తుంది. బయటివాళ్లకిచ్చే జీతం లేదు, స్థలానికి అద్దె లేదు. నేను మాంసం తిననని తెలిశాక రోజూ రాత్రి ఆవిడ తలుపు దగ్గర నిలబడి నేను తింటున్నానో లేదో చూసేది. చీజు వేసిన నూడిల్స్, పైన ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు. ఇంకో రోజు ఉబ్బిన తీపి అట్టు ముక్కలుగా చీల్చి, పైన పంచదార చల్లి, పక్కన రేగుపళ్లలాంటి పండ్ల ముద్ద. అది భోజనమే, తర్వాత ఇచ్చే తీపి కాదు. నాకది అలవాటు కావడానికి కాస్త టైం పట్టింది.

నేను స్కీ నేర్చుకున్నది ఇక్కడే, కొత్తవాళ్లందరినీ కలిపి చెప్పే క్లాసులో. రోజుకు 100 యూరోలకు కాస్త తక్కువ. నేర్చుకుంటే ఇక్కడే నేర్చుకోవాలనీ ఉంది. ఇవాళ ప్రపంచమంతా స్కీ నేర్పే పద్ధతికి మూలపురుషుడు హానెస్ ష్నైడర్ ఈ కొండవాడే. 1907 నుంచి ఈ ఊళ్లో పాఠాలు చెప్పాడు. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించగానే జైల్లో పెట్టారు, మరుసటి ఏడు అమెరికా వెళ్లిపోయాడు. మా మాస్టారికి అరవై దాటి ఉంటాయి. చలికాలం స్కీ పాఠాలు, మిగతా కాలం ఆవులు, గడ్డి. మేం పడి లేస్తున్న ఆ వాలు ఎండాకాలం ఎవరి పచ్చికబయలో పేర్లతో సహా చెప్పాడు. పొలం మీదుగా మంచుదారి పోతున్నందుకు లిఫ్టు కంపెనీ ఆ రైతులకు ఏటా కొంత ముట్టజెబుతుందట. నాకు వచ్చిన ఇంగ్లీషు, ఆయనకు వచ్చిన ఇంగ్లీషు కలిపితే ఒక్కటే మాట పదే పదే వినపడేది: "మోకాళ్లు!" వంచమని. నేను వంచినప్పుడల్లా బడికి కూడా వెళ్లని పిల్లలు వరసగా, బాతుపిల్లల్లా, నా పక్క నుంచి జారిపోయేవాళ్లు. నిలబడి నాలుగు మలుపులు తిరిగిన రోజు ఆయన నోరు విప్పి ఏమీ అనలేదు. చేతి తొడుగు తీసి చెయ్యి కలిపాడు.

సాయంత్రం నాలుగింటికి కింద బార్లలో మొదలయ్యే గోల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. స్కీ బూట్లతో బల్లలెక్కి పాడతారు. ఆ బీర్ల బిల్లు కూడా స్కీ సెలవు ఖర్చులో కలపాలేమో. తమ్ముడు కలపొద్దన్నాడు.

బ్రెన్నర్ కనుమ దాటి మళ్లీ ఇటలీ, ఈసారి డోలమైట్ కొండలు. రాయి తెల్లగా, నిలువుగా, సాయంత్రం ఎండకు గులాబీరంగు తిరుగుతుంది. మొదటి ప్రపంచయుద్ధం దాకా ఇది ఆస్ట్రియా. 1919 ఒడంబడికతో ఇటలీ చేతికొచ్చింది. వాల్ గార్డేనాలో ఊరి బోర్డు మీద మూడు పేర్లుంటాయి, ఇటాలియన్‌లో ఒకటి, జర్మన్‌లో ఒకటి, స్థానిక లదీన్ భాషలో ఒకటి. హోటల్ ఆస్ట్రియా శుభ్రంతోనూ, కాఫీ ఇటలీ ధరకీ దొరికితే ఇంకేం కావాలి? ఒకటిన్నర యూరోకు కప్పు. 1974 నుంచి ఈ చుట్టుపక్కల లోయలన్నీ కలిసి ఒకే పాసు ఇస్తున్నాయి. ఇప్పుడది 12 ప్రాంతాలు, 1,200 కిలోమీటర్ల మంచుదారులు. ధర 80 యూరోల పైనే, కాని కిలోమీటరు లెక్కన చూస్తే ఆల్ప్స్‌లో ఇంతకంటే గిట్టుబాటు బేరం నాకు కనపడలేదు. 2022 నుంచి ఇటలీలో స్కీ చేసేవాళ్లు ఎదుటివాళ్లకు తగిలే దెబ్బలకు బీమా తీసుకుని తీరాలి. పాసుతో పాటే రోజుకు కొద్ది యూరోలకు ఇచ్చేస్తారు.

అయితే అక్కడ ఒక దృశ్యం నన్ను ఇబ్బంది పెట్టింది. ఎండ తగిలే వైపు కొండంతా ఎండుగడ్డి రంగులో ఉంది, దాని మీదుగా తెల్లటి పట్టీ ఒక్కటే. రాత్రంతా ఫిరంగుల్లాంటి యంత్రాలు నీటిని చిమ్మి మంచు చేస్తుంటాయి. కిటికీ తీస్తే ఆ హోరు వినపడుతుంది. ఆ నీళ్లకు చెరువులు తవ్వాలి, పంపులు తిప్పాలి, కరెంటు కాల్చాలి. పాసు ధరలో ఇదంతా ఉంటుంది. పైసలు పెట్టగల కొండ మంచు తయారుచేసుకుంటుంది, పెట్టలేనిది మూతపడుతుంది. ఫ్రాన్సులో ఆన్సీ దగ్గర లా సాంబుయీ అనే చిన్న స్కీ ఊరు 2023లో లిఫ్టులు ఆపేసి చేతులెత్తేసింది. దాని పాసు ఎంత చవకైతే ఏం లాభం, మంచు పడనప్పుడు? జెర్మాట్ అమ్మేది ఎత్తునని అక్కడ అర్థమైంది నాకు. ఎత్తుకు ధర ఏటేటా పెరిగేదే గాని తగ్గేది కాదు.

కోర్తీనా మీదుగా వెళ్తుంటే ఊరంతా క్రేన్లు. 2026 ఫిబ్రవరి ఒలింపిక్స్‌కు మిలాన్‌తో కలిసి అప్పుడు ముస్తాబవుతూ ఉంది. 1956లో ఒకసారి జరిపారు, అది రెండోసారి. మేం ఆగలేదు.

చివరగా స్లొవేనియాలో క్రాన్స్కా గోరా. ఊరు 800 మీటర్ల ఎత్తున, వెనక జూలియన్ ఆల్ప్స్, రంపంలా పదునుగా. పాసు 50 యూరోలకు కాస్త అటూ ఇటూగా. బార్లీ సూపు, ఉడికించిన బక్‌వీట్ పిండి, పుల్ల మజ్జిగ, అన్నీ కలిపి 12 యూరోలు. ఇద్దరికి వంటగదితో సహా ఇల్లు రాత్రికి 90. తమ్ముడు అద్దెకు తీసుకున్న స్కీల మీద ఎలాన్ అని ఉంది. కారులో గంట లోపే ఉన్న బెగూన్యేలో 1945 నుంచి తయారవుతున్నాయవి. 1990ల మొదట్లో నడుము సన్నగా, ముందూ వెనకా వెడల్పుగా స్కీలు చేసి మలుపు తిరగడం అందరికీ సులువు చేసింది ఈ కంపెనీయే. అవే స్కీలు జెర్మాట్ దుకాణంలో ఎంతకు అద్దెకిస్తున్నారో నా పుస్తకంలో ఉంది, దాదాపు రెట్టింపు.

ఆ రాత్రి వాన పడింది. మంచు కాదు, వాన. పొద్దున కింది వాలు మీద మంచు పప్పులా మెత్తబడి, సగం లిఫ్టులు ఆగిపోయాయి. పై లోయలోకి, వర్షిచ్ కనుమ దారిలో నడిచాం. మొదటి ప్రపంచయుద్ధంలో రష్యన్ యుద్ధఖైదీలతో వేయించిన రోడ్డు అది. 1916లో మంచుచరియ విరుచుకుపడి చనిపోయినవాళ్ల కోసం కట్టిన చిన్న చెక్క ప్రార్థనాలయం దారిలోనే ఉంది. తిరిగొచ్చేసరికి మా ఇంటాయన వరండాలో కట్టెలు పేరుస్తున్నాడు. లోపలికి పిలిచి బేరిపండు సారా పోశాడు. నేను వద్దంటే టీ పెట్టాడు, అందులో తేనె ఆయన పెంచే తేనెటీగలదేనట.

మాటల్లో ధరల పుస్తకం సంగతి తమ్ముడు చెప్పేశాడు. ఆయనకు సరదా పుట్టింది, తెమ్మన్నాడు. తెలుగు అక్షరాల మధ్య అంకెలు మాత్రం వేలు పెట్టి చదువుకుంటూ పోయి, క్రాన్స్కా గోరా దగ్గర ఆగి, ఇది చవకా అన్నాడు. శని, ఆదివారాలు ఇటలీ నుంచి కార్లు వరసకడతాయట, చవకని. మా ఊరివాళ్లకు మాత్రం ఇది చవక కాదన్నాడు. స్లొవేనియాలో 2025లో కనీస వేతనం పన్నులు కోయకముందు 1,278 యూరోలు. ఇద్దరు పిల్లలతో ఒక్కరోజు స్కీ చేస్తే అందులో ఎంత పోతుందో వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాడు. అందుకని వాళ్లబ్బాయి సెలవులకు బోస్నియా వెళ్తాడు, యహోరినా కొండకు. 1984 సారాయెవో ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల స్కీ పందేలు జరిగిన కొండే, అన్నీ ఇక్కడికంటే తక్కువ.

"స్విస్ వాళ్లు ఇటలీకి, ఇటలీ వాళ్లు మీ దగ్గరికి, మీరు బోస్నియాకి. మరి బోస్నియా వాళ్లెక్కడికి వెళ్తారు?" అన్నాను.

"ఆస్ట్రియాకి," అన్నాడాయన, టీ ఇంకొంచెం పోస్తూ. "హోటళ్లలో గదులు ఊడవడానికి."